మిగిలిన రీలు

పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మా పాప అడిగింది. "నాయనా, నీకు ఇష్టమైన పాటలు ఒక ఇరవై రాసియ్యి. ఫోన్లో నీ పేరుతో లిస్టు చేసి పెడతా. నీ బతుకంతా అందులో కనపడాల."

ఇరవై పాటలు ఏమంత లెక్క అనుకున్నాను. 1986 నుంచి 2009 దాకా ఆదోనిలో క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపినవాణ్ణి. జనం తెచ్చిన చీటీ చూసి పాటలు ఎక్కించడమే నా పని. కాగితం, పెన్ను పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నానికి పిలిచేసరికి కాగితం మీద నాలుగు పాటలు ఉన్నాయి. ఆ నాలుగింట్లో మూడు నావి కావు. పాట పేరు రాయగానే నాకు పాట వినపడాలి కదా! వినపడలేదు. అది ఎక్కించుకుపోయిన మనిషి కనపడ్డాడు. గళ్ల లుంగీ, చెవి వెనక బీడీ, జేబులో మడతలు పడిన చీటీ.

కాగితం మడిచి పెట్టేశాను. అది మళ్లీ తెరవడానికి రెండు నెలలు పట్టింది.

మాది ఎమ్మిగనూరు. నాయన నేతగాడు. మా వీధిలో తెల్లారితే కోడి కూత కంటే ముందు మగ్గం చప్పుడు వినపడేది. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘాన్ని మేము ఉత్త 'సొసైటీ' అనేవాళ్లం. సొసైటీ నూలు ఇస్తుంది, నాయన దుప్పట్లు, టవళ్లు నేసి మళ్లీ సొసైటీకే వేస్తాడు. గుంటలో కాళ్లు దించి కూర్చుని నాడె విసురుతుంటే నాయన నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పద్యం నలుగుతుండేది. నా పని రాట్నం మీద కండెలు చుట్టడం. నూలు వదులుగా చుడితే నాడెలో చిక్కు పడుతుంది, బిగువు ఎక్కువైతే పుటుక్కున తెగుతుంది. చేతి వేళ్లకే తెలియాలి. ఆ వేళ్లే తర్వాత క్యాసెట్లకు పనికొచ్చాయి. వదులైన రీలును పెన్ను దూర్చి తిప్పేటప్పుడు ఎంత బిగువు చాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఇంట్లో పాత మర్ఫీ రేడియో ఒకటి ఉండేది. మా ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఇక్కడ గాలి కూడా మూడు భాషలు మాట్లాడుతుంది. ముల్లు ఇటు తిప్పితే కడప కేంద్రం, అటు తిప్పితే ధార్వాడ కన్నడం, ఇంకొంచెం జరిపితే సిలోన్. సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలకు ముందు కోరినవాళ్ల పేర్లు చదువుతుంటే, ఏ ఊరో తెలియని ఆ పేర్లన్నీ నాకు చుట్టాల పేర్లలాగా అనిపించేవి. ఎవరు ఏ పాట అడిగారు అనేది పాట కంటే ఎక్కువగా వినే అలవాటు అక్కడే మొదలైందేమో.

నాయన ఏడాదికి మూడు నాలుగు సార్లు హరిశ్చంద్ర వేషం కట్టేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో జాతర అయితే రాత్రంతా నాటకం. డి.వి.సుబ్బారావు గారి బాణీ అంటే ప్రాణం. అచ్చం ఆయనలాగే రాగం తీయబోయి, సగంలో తన దారిన తాను వచ్చేసేవాడు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ కాటి సీనులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు పాడకపోతే జనం ఊరుకోరు. ఎక్కడో విడిగా రాసిన పద్యాలను తెచ్చి ఈ నాటకంలో ఇక్కడ పెడితే సరిగ్గా అతుకుతాయని మొదట ఎవరికి తోచిందో గానీ, ఆయనకు దండం పెట్టాలి. ఒకరి పద్యం ఇంకొకరి సీనులో, మూడోవాడి గొంతులో! మేము తర్వాత డబ్బులు తీసుకుని చేసిన పని అదే. నాటకాలవాళ్లు దాన్ని ఊరికే చేశారు.

నాకు పదిహేడేళ్లప్పుడు ఆదోనిలో ఒక మైకు సెట్ల షాపులో చేరాను. పెళ్లి ఇంటి ముందర వేపచెట్టుకు హారన్ కట్టడం, గ్రామఫోన్ రికార్డులు మార్చడం. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు ఆ ఏడాది పెళ్లిళ్లకు వేరే రికార్డు పెట్టనిస్తే ఒట్టు. మంచి పాటలే, కాదనను. కానీ ఎండాకాలంలో రోజుకు రెండు పెళ్లిళ్లు చేసినవాణ్ణి అడగండి. ఇప్పటికీ ఎక్కడైనా అవి మొదలైతే నా చెయ్యి ముల్లు ఎత్తడానికి పోతుంది. నా లిస్టులో అందుకే అవి లేవు. పాప ఆశ్చర్యపోయింది.

తర్వాత నా సొంత షాపు. మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఆరడుగుల వెడల్పు గది, రెండు డెక్కులు, ఒక రికార్డు ప్లేయరు, గోడ నిండా క్యాసెట్లు. ఆదోని పత్తి ఊరు. సీజన్ మొదలైతే బండ్లు, లారీలు, జిన్నింగు మిల్లుల దూది ధూళి. ఆ దూది నా డెక్కుల్లోకి కూడా వచ్చేది. హెడ్డు మీద సన్న పోగు ఒకటి చేరితే చాలు, పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. పొద్దున షాపు తెరవగానే దేవుడికి ఊదుబత్తి, ఆ వెంటనే స్పిరిట్‌లో దూది ముంచి హెడ్డు, పించ్ రోలరు తుడవడం. దూదితో వచ్చిన రోగానికి దూదే మందు.

బయటివాళ్లకు ఈ పని చాలా సులువు అనిపిస్తుంది. పాట పెట్టు, బటన్ నొక్కు, అంతే కదా అని. గంట క్యాసెట్ ఎక్కించాలంటే గంట పడుతుంది, తొంభై నిమిషాలదైతే గంటన్నర. స్పీడ్ డబ్బింగ్ బటన్ ఉండేది, నేను వాడేవాణ్ణి కాదు, పాటలో పైగొంతు పోతుంది. ఇక మొత్తం పనికి ప్రాణం లెక్కలో ఉంది. పాత పాటలు మూడు మూడున్నర నిమిషాలు. 78 రికార్డులో ఒక పక్కకు అంతే పట్టేది కాబట్టి సంగీతం కట్టేవాళ్లు అంతలోనే కట్టారు. ఎనభైల తర్వాతి పాటలు నాలుగున్నర, ఐదు. ముప్పై నిమిషాల సైడుకు పాతవి తొమ్మిది పడితే కొత్తవి ఆరు. చీటీ తెచ్చినవాళ్లకు ఇది తెలియదు. పదిహేను పాటలు రాసుకొచ్చి "అన్నీ పట్టాల అన్నా" అంటారు. అన్నీ పట్టవు. "ఏది తీసేద్దాం చెప్పు" అని చీటీ తిరిగి వాళ్ల చేతికే ఇచ్చేవాణ్ణి.

మనిషి బయటపడేది అప్పుడే. పెన్ను పట్టుకుని ఒక్కో పాట మీద ఆగుతారు. మొదట కొట్టేసేవి ఎవరో బాగుందన్నారని రాసుకున్నవి. తర్వాత కొట్టేసేవి కొత్తవి. చివరికి రెండు మిగులుతాయి, రెండింట్లో ఒకటి పోవాలి. ఆ కాసేపు నేను తల వంచుకుని హెడ్డు తుడిచేవాణ్ణి. తుడిచిన హెడ్డే మళ్లీ తుడిచేవాణ్ణి.

ఎంత సరిగ్గా లెక్క వేసినా సైడు చివర కొంచెం రీలు మిగులుతుంది. నిమిషం పది, నిమిషం నలభై. కొందరు షాపులవాళ్లు ఏదో ఒక పాట సగం ఎక్కించి వదిలేసేవాళ్లు. పాట మధ్యలో టక్కుమని ఆగిపోతుంది. నాకది చాలా అసహ్యం, విస్తట్లో సగం కొరికిన లడ్డు పెట్టినట్టు. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. చిన్న చిన్న వాయిద్యం ముక్కలు, వేణువు, వీణ, సినిమా టైటిల్ మ్యూజిక్కులు, ఒక్కొక్కటి ఎన్ని నిమిషాల ఎన్ని సెకండ్లో రాసుకున్నాను. మిగిలిన రీలును బట్టి అందులోంచి ఒకటి తీసి అతికించేవాణ్ణి. అన్నీ పారేసినా ఆ బుక్కు మాత్రం ఉంచుకున్నాను.

చీటీలు తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో వచ్చేవి. ఉర్దూ నాకు చదవరాదు, పక్క పాన్ షాపు భాయ్ చదివి చెప్పేవాడు. ఆయన తనకు నచ్చని పాటను చీటీలో లేదనేవాడని చాలా ఆలస్యంగా తెలిసింది. సిరుగుప్ప, హొళగుంద వైపు పిల్లలు 1987లో ప్రేమలోక వచ్చాక హంసలేఖ పాటలు తప్ప ఇంకోటి అడిగేవాళ్లు కాదు. 1990లో ఆషికీ వచ్చింది, ఆ ఏడాది ఆటోలన్నీ ఒకే పాట పాడుకుంటూ తిరిగాయి. మంత్రాలయం పోయే భక్తులకు రాజ్‌కుమార్ పాడిన రాఘవేంద్రస్వామి పాటలు. పీర్ల పండుగ వస్తే అలావా చుట్టూ ఆడేవాళ్ల పాటలు ఎవరో టేప్ రికార్డర్‌లో పట్టుకొచ్చేవాళ్లు, వాటికి కాపీలు.

మేము చేసిందంతా చట్టప్రకారం తప్పే. కాపీరైట్ చట్టం 1957 నుంచే ఉంది. ఎవరి పాటనో ఎవరికో ఎక్కించి డబ్బు తీసుకోవడం ఆ చట్టానికి దొంగతనమే. దాడులు జరుగుతున్నాయని తెలిస్తే షట్టరు దించి, వెనక సందులో టీ తాగుతా కూర్చున్న రోజులు ఉన్నాయి. ఇప్పుడు దాన్ని కళ అనీ సేవ అనీ చెప్పుకోవడం నాకు నచ్చదు. కడుపు కోసం చేశాం. అందులోనే ఇంకేదో కూడా జరిగింది.

ఏం జరిగిందో రెండు సంగతులు చెప్తాను.

పత్తి మండీలో లెక్కలు రాసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. భార్య పోయిన నెలకు వచ్చాడు. చీటీలో మూగమనసులు సినిమాలోది ఒకటే పాట రాసి ఉంది. "తక్కినవి?" అన్నాను. "అదే. సైడంతా అదే" అన్నాడు. ఒకసారి ఎక్కించుకుంటే వెనక్కి తిప్పుకుని ఎన్నిసార్లయినా వినొచ్చు, డబ్బు దండగ అని చెప్పాను. ఆయన కొంచెం సేపు ఏమీ అనలేదు. "వెనక్కి తిప్పాలంటే లేచి బటన్ నొక్కాల కదప్పా. ఆ టక్ మనే చప్పుడుకు మళ్లీ ఈడికి వచ్చి పడతాన్నా" అన్నాడు. అదే పాట వరుసగా ఎక్కించి ఇచ్చాను. పాటకూ పాటకూ మధ్య మామూలుగా మూడు సెకండ్లు ఖాళీ వదులుతాను. ఆయనకు ఒక్క సెకండే వదిలాను.

ఇంకోటి సుగ్గి సంగతి. మా వైపు వానలు లేని ఏడాది కోసిగి, కౌతాళం, మంత్రాలయం పల్లెలు ఖాళీ అవుతాయి. గుంటూరు మిరపకాయలు కోయడానికి, బెంగళూరు బిల్డింగు పనులకు గంపలు, పిల్లలు, జొన్నల మూటలతో పోతారు. పేపర్లలో వలస అని రాస్తారు, మా జనం నోట్లో అది సుగ్గి. ఒకసారి ఒక మేస్త్రీ వచ్చి లారీలో రాత్రంతా పాడాల, తొంభై నిమిషాల క్యాసెట్లు రెండు ఎక్కించు అన్నాడు. హుషారు పాటలు వరుసగా రాసుకొచ్చాడు. ఆయనతో వచ్చిన ఒక అవ్వ షాపు మెట్టు మీద కూర్చుని ఉంది. అంతా విని, "అట్ల కాదప్పా" అంది. "ఊరు దాటేదాంక ఎగిరే పాటలు పెట్టు, పిల్లోళ్లు ఏడవకుండా ఉంటారు. నడిరేయి మెల్లగవి పెట్టు, డ్రైవరుకు మాత్రం నిద్ర రాకూడదు. తెల్లారి దిగే ముందర ఈరన్న సామి పాట రావాల. కొత్త ఊర్లో కాలు పెట్టేది సామి పేరు ఇన్నాక."

ఉరుకుంద ఈరన్నస్వామి పాట రెండో క్యాసెట్ చివర, సరిగ్గా లారీ గుంటూరు చేరే వేళకు రావాలి. ఎన్ని గంటలకు బయల్దేరతారు, ఎక్కడెక్కడ ఆగుతారు, ఒక్కో క్యాసెట్ ఎన్నిసార్లు తిరుగుతుంది, అన్నీ మేస్త్రీని అడిగి లెక్క వేశాను. సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలియదు, లారీ ఎక్కడ పంక్చర్ అయిందో ఎవరికి ఎరుక! కానీ వరుస కట్టడం ఎట్లాగో నాకు నేర్పింది మాత్రం ఆ అవ్వ. ఏ పాట మంచిది అని కాదు, అది వినేటప్పుడు ఆ మనిషి ఎక్కడ ఉంటాడు అని చూడాలి.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

1988లో ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో నాయన హరిశ్చంద్ర వేశాడు. చిన్న టేప్ రికార్డర్ పట్టుకుపోయి హార్మోనియం పక్కన పెట్టాను. నాటకం మొత్తం పట్టాలంటే పది క్యాసెట్లు కావాలి, అన్ని కొనే స్థితి లేదు. ఒక గంట క్యాసెట్ తీసుకుని కాటి సీను మాత్రం పట్టాను, రెండు సైడులూ. తర్వాత ఐదేళ్లకు నాయన పోయాడు. ఆ క్యాసెట్ షాపులోనే ఉండేది. కార్డు మీద పేరు కూడా రాయలేదు. నాకు తెలుసు కదా అని.

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ట్యాబులు ఉంటాయి. వాటిని విరిచేస్తే ఆ సైడు మీద మళ్లీ రికార్డు బటన్ దిగదు. షాపుకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాణ్ణి, "దాచుకునేదైతే ట్యాబు ఇరిచెయ్యి" అని. వాళ్ల ముందే స్క్రూడ్రైవర్ మొనతో విరిచి ఇచ్చేవాణ్ణి. నాయన క్యాసెట్‌కు విరచలేదు.

1996 అక్టోబరు. నిన్నే పెళ్లాడతా వచ్చింది, పత్తి సీజన్ కూడా వచ్చింది. చేతిలో డబ్బులు ఆడుతున్నాయి, అందరికీ అదే కావాలి. ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. ఒకతను సాయంత్రం బస్సుకు పోవాలని తొందర పెడుతున్నాడు. కౌంటరు కింద చెయ్యి పెట్టి, పేరు లేని క్యాసెట్ ఒకటి తీసి డెక్కులో వేశాను.

రికార్డు నొక్కితే రీలు ముందు ఎరేజ్ హెడ్డును దాటుకునే పోతుంది. పాతది అక్కడే తుడిచిపెట్టుకుపోతుంది, ఆ వెనకే కొత్తది పడుతుంది. సెకండుకు 4.76 సెంటీమీటర్లు. నేను ఇంకో కస్టమరుతో మాట్లాడుతున్నాను. నా వీపు వెనక గంట సేపు నాయన అట్లా పోయాడు. రెండో సైడు ఇంకో నిమిషంలో అయిపోతుందనగా కరెంటు పోయింది. అప్పట్లో మాకది రోజూ ఉండే భాగ్యమే. పావుగంట ఎదురుచూశాం, రాలేదు. "పాటలన్నీ పట్టినాయి, సాలు" అని క్యాసెట్ తీసి పక్కన పెట్టాను. అతను డబ్బు తెస్తానని పోయి మళ్లీ రానే లేదు. బస్సు వచ్చేసిందేమో.

మూడు నెలల తర్వాత, ఎవరూ తీసుకుపోని క్యాసెట్లను మళ్లీ వాడదామని ఒక్కొక్కటే వేసి చూస్తుంటే సినిమా పాట మధ్యలో గొంతు సన్నబడి చిలకలాగా అయింది. కరెంటు పోయేటప్పుడు మోటారు నిదానించింది కదా, అక్కడ పడిన పాట మామూలు వేగంతో వేస్తే పైకి లేస్తుంది. ఆ చిలక కూత అయిపోగానే నాయన.

నలభై సెకండ్లు. పద్యం అప్పటికే అయిపోయింది, చివర తీసే రాగం మాత్రం ఉంది. మొత్తం కలిపి 190 సెంటీమీటర్ల రీలు. నాయన నేసిన దుప్పటి పొడవు కూడా రాదు.

అమ్మకు చెప్పలేదు. ఆమె పోయేదాకా చెప్పలేదు.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. సీడీలు, ఒక్క డిస్కులో నూట యాభై పాటలు, ఆ వెనకే గోరంత మెమొరీ కార్డులు. 2009లో షాపు మూసి అదే గదిలో జెరాక్సు మిషను పెట్టాను. కొన్నాళ్లు ట్రాక్టరు డ్రైవర్లు పెన్‌డ్రైవ్ తెచ్చి "నింపన్నా" అనేవాళ్లు. ఏవి అని అడిగితే, "ఏవన్నా" అనేవాళ్లు. 2016లో జియో వచ్చాక వాళ్లూ రావడం మానేశారు. దానికి నేనేమీ బాధపడలేదు. జెరాక్సులో కూర్చుని పని చేసుకోవచ్చు, నడుం నొప్పి తగ్గింది.

మార్చిలో కాగితం మళ్లీ తెరిచాను. ఈసారి నాకు ఇష్టమైనవి ఏవి అని అడుక్కోలేదు. వినేటప్పుడు ఎక్కడున్నాను అని రాసుకున్నాను. మగ్గం పక్కన రాట్నం ముందు: మిస్సమ్మ పాట ఒకటి, సాలూరి రాజేశ్వరరావు గారిది. వేపచెట్టు కింద: ఏదీ వద్దు. పాన్ షాపు భాయ్ చీటీలో లేదన్న ఒక కవ్వాలి. తర్వాత ఎవరో చెప్పగా విన్నాను, చాలా బాగుంది, ఆయన మీద కోపం ఇంకా పోలేదు. మంత్రాలయ మహాత్మెలో పాట ఒకటి, అమ్మను ఏటిగడ్డన కూర్చోబెట్టి స్నానానికి దిగిన రోజుది. ప్రేమలోక, షాపు పెట్టిన మరుసటి ఏడు, మొదటిసారి బాడుగ కట్టి ఇంకా డబ్బు మిగిలిన నెల. గుమాస్తా పాట. అవ్వ చెప్పిన ఈరన్నస్వామి పాట.

మా ఇంటామె పాట ఏది అని పాప అడిగింది. నిజం చెప్పాలంటే ఆమెకు పాటలు గిట్టవు. పెళ్లయిన కొత్తలోనే, "పొద్దంతా అవే కదా, ఇంట్లో కూడానా" అంది. ఇంట్లో ఏనాడూ టేప్ రికార్డర్ మోగలేదు. ఆ నిశ్శబ్దంలో అన్నం తిని పడుకోబట్టే ఇన్నేళ్లు చెవులు పనిచేశాయి. అందుకని మధ్యలో పది సెకండ్లు ఖాళీ వదిలాను, అది ఆమెది. చెప్తే, "నాకు పదేనా?" అంది.

పాప ఫోన్లో ఎక్కిద్దామంది. క్యాసెట్‌లో ఎక్కిస్తానన్నాను, అది కూడా ఆ క్యాసెట్‌లోనే. ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఒకసారి పోగొట్టినావు, మళ్లీ దాని మీదేనా?" అని కోప్పడింది. ముందు డెక్కు నుంచి వైరు పెట్టి ఆ నలభై సెకండ్లను ఫోన్లోకి, ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుంది. చేసుకోనిచ్చాను. వెనక గరగరమనే చప్పుడు తీసేస్తానంటే మాత్రం వద్దన్నాను. అందులో హార్మోనియం తిత్తి గాలి కూడా ఉంది, రెండింటినీ విడదీయడం మిషనుకు తెలియదు.

డెక్కు అటక మీద ఉండింది. లోపల రబ్బరు బెల్టు కరిగి తారులాగా అయిపోయింది. తారంతా కిరోసిన్‌తో గీకి, బెంగళూరు నుంచి పాప తెప్పించిన బెల్టు వేశాను. స్పిరిట్, దూది. హెడ్డు తుడుస్తుంటే చెయ్యి వణికింది, వయసు అనుకోండి.

మొదటి సైడుతో పేచీ లేదు, అందులో నాయనది ఏమీ మిగల్లేదు. రెండో సైడు ముందు ఒకసారి మొత్తం తిప్పి కౌంటరు అంకెలు రాసుకున్నాను. సినిమా పాట చిలక అయ్యేది ఎక్కడ, నాయన మొదలయ్యేది ఎక్కడ. నోటుబుక్కు తీసి నిమిషాలు, సెకండ్లు కూడాను. ఈరన్నస్వామి పాట చివరిది. అది చిలక కూతకు ఏడు సెకండ్ల ముందు ముగుస్తుంది. ఆ ఏడు సెకండ్లకు నోటుబుక్కులో ముక్క ఏదీ లేదు. ఖాళీ రికార్డు చేసి తుడిచేయొచ్చు, కానీ అర సెకండు తప్పినా నాయన రాగం మొదలు పోతుంది. ఆ 1996 పాట అక్కడ అట్లాగే ఉండనీ అనుకున్నాను. తప్పు చేసింది నేనే కదా, వినపడనీ.

కరెంటు ఉంది. ఇంట్లో మిక్సీ, మోటారు ఏవీ వేయొద్దని చెప్పాను. పాప నా పక్కన ఫోన్లో సెకండ్లు చూస్తా కూర్చుంది. ఒక్కో పాట అయ్యేకొద్దీ ఆమె ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తోంది. ఈరన్నస్వామి పాట చివరి చరణంలోకి వచ్చింది. లెవెల్ మెల్లగా దించాను, వేలు బటన్ మీద పెట్టాను. "నాయనా, ఇప్పుడు" అంది. ఆమె అనేలోపే నొక్కేశాను.

కొంచెం వెనక్కి తిప్పి ప్లే నొక్కాను. స్వామి పాట తగ్గి, ఆగి, చిన్న టక్కు. సినిమా పాట ఏడు సెకండ్లు, ఆ తర్వాత చిలక కూత. నాయన రాగం ఎత్తుకుని, అచ్చం సుబ్బారావు గారి దారిలో పైకి పోయి, ఎప్పటిలాగే అక్కడ దారి తప్పి, తనదైన మెలికతో కిందికి దిగాడు. హార్మోనియం ఒక్కటే కాసేపు. జనంలోంచి ఎవడో గట్టిగా అరిచాడు, "వన్స్ మోర్!" ఇంకో ఇద్దరు అందుకున్నారు. నాయన గొంతు సవరించుకున్నాడు. శ్రుతి మళ్లీ అందుకుంది.

రీలు అయిపోయింది.